వేసవిలో పిల్లలు, పెద్దవాళ్లతో సూర్యలంకకు వెళ్లాలంటే ఏ వేళకు చేరాలి, ఎంత లోతుకు దిగాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మే రెండో వారంలో ఒక శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లోని నిజాంపేట నుంచి కారులో బయలుదేరి, మధ్యాహ్నానికి బాపట్ల దగ్గరి సూర్యలంకకు చేరుకుని, సాయంత్రం దాకా సముద్రంలో గడిపి, చీకటి పడగానే తిరుగు ప్రయాణం కావాలనుకుంటున్నారు. వెంట తొమ్మిదేళ్లు, ఆరేళ్ల పిల్లలు, షుగరూ బీపీ ఉన్న మీ అత్తగారు వస్తున్నారు. పిల్లలిద్దరికీ ఈత వచ్చు కాబట్టి నీళ్ల గురించి బెంగ లేదని, ఎండ గురించే అనుమానమని రాశారు.

వెళ్లండి, కానీ ఒక రాత్రి అక్కడ ఉండేలా వెళ్లండి. శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేలోగా ఒకసారి, ఆదివారం ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిదిలోపు మరొకసారి తీరంలో గడపండి. మధ్యలోని సమయమంతా గదిలో ఉండండి. పిల్లలను వాళ్ల మోకాలి లోతు దాటనివ్వకండి. మీరు వేసుకున్న ప్రణాళికలో దూరం సమస్య కాదు, వేళ సమస్య. పన్నెండు నుంచి నాలుగు వరకు, అంటే తీరం మీద ఎవరూ ఉండకూడని గంటల్లోనే మీరు అక్కడ ఉండబోతున్నారు. ఇక ఎండ కంటే నీటి గురించే ఎక్కువ ఆలోచించాలని నా అభిప్రాయం. కారణాలు కింద రాస్తున్నాను.

నేను వయసులో ఉన్నప్పుడు విశాఖ తీరంలో గజ ఈతగాడిగా పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకు ఈత నేర్పుతున్నాను. వేసవి సెలవుల్లో మా దగ్గర నేర్చుకునే పిల్లల కుటుంబాలతో కలిసి తీరానికి వెళ్తుంటాను కాబట్టి, కొలనులో ఈదే పిల్లలు సముద్రంలో ఎలా ఉంటారో దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

ముందు ఎండ సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో మే నెల ఎండకు అలవాటు పడినవాళ్లం కాబట్టి కోస్తా ఎండ మనల్ని ఏం చేస్తుందిలే అనుకుంటాం. మన ఊరి ఎండ పొడిగా ఉంటుంది, పట్టిన చెమట వెంటనే ఆరిపోతుంది, ఆ ఆరడంలోనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎక్కువగా ఉండడం వల్ల చెమట ఆరదు, కారిపోతుంది, ఒంట్లోని వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే థర్మామీటరు హైదరాబాద్‌లో కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపించినా అక్కడ మనిషి త్వరగా సోలిపోతాడు. మామూలుగా మధ్యాహ్నానికి ముందో వెనకో నేల బాగా వేడెక్కాక సముద్రం మీది చల్లగాలి లోపలికి వీచడం మొదలవుతుంది, అదే తీరానికి దక్కే ఉపశమనం. అయితే మే నెలలో పడమటి నుంచి వేడిగాలి బలంగా వీచే రోజుల్లో ఆ సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి సాయంత్రం వరకు రానే రాదు. అలాంటి రోజున బాపట్లలోనూ నలభై దాటుతుంది, పైగా తేమ ఉండనే ఉంది.

నీళ్లలో ఉన్నంతసేపు ఎండ తెలియకపోవడం మరో చిక్కు. పిల్లవాడి నడుము దాకా చల్లగా ఉంటుంది, కానీ తలా భుజాలూ మాడుతూనే ఉంటాయి, దాహం కూడా గుర్తుకు రాదు. అరగంటకొకసారి అడగకుండానే నీళ్లు తాగించండి. మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ ఏదైనా సరే. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలో పూర్తిగా ఒకేసారి కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెంగా అంచనాతో కలపకూడదు. ఆ దారిలో తాటి ముంజలు దొరికే కాలం ఇదే, శీతల పానీయాల సీసాల కంటే అవి చాలా నయం. సన్‌స్క్రీన్ వాడేట్లయితే బయటికి రావడానికి ఇరవై నిమిషాల ముందు రాసి, రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. దానికంటే పొడవు చేతుల బనియనూ టోపీయే నమ్మకమైనవని నేను చెబుతాను. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎక్కడున్నామో తెలియని అయోమయం కనబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తలా ఒళ్లూ తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

మీ అత్తగారి పాదాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మే మధ్యాహ్నం పొడి ఇసుక ఉపరితలం గాలి కంటే చాలా ఎక్కువగా, యాభై డిగ్రీలు దాటి కాలుతుంది. మనకైతే చురుక్కుమని కాలు వెంటనే వెనక్కి తీసుకుంటాం. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లలో పాదాల నరాలు మొద్దుబారి ఆ చురుకు తెలియదు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ చెప్పులు చేత్తో పట్టుకుని మనవడి వెంట హాయిగా నడిచారు, నొప్పి అనలేదు, గదికి వెళ్లి కాళ్లు కడుక్కుంటుంటే అరికాళ్ల నిండా బొబ్బలు కనిపించాయి. ఆ పుండ్లు మానడానికి ఆమెకు వారాలు పట్టింది. కాబట్టి మీ అత్తగారు తడి ఇసుకలో కూడా మడమ పట్టీ ఉన్న చెప్పులతోనే నడవాలి. గుల్లలూ గాజుపెంకులూ గుచ్చుకున్నా ఆమెకు తెలియకపోవచ్చు, గదికి రాగానే పాదాలు మీరు చూడండి. ఇన్సులిన్ తీసుకునేవారైతే దాన్ని కారులో వదిలేయకూడదు, మంచుముక్కలకు నేరుగా తగలకుండా చల్లగా ఉంచాలి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేట్లు చేసేవి కొన్ని ఉంటాయి, ఎండలో వాటితో ఒంట్లో నీరు మరింత తగ్గుతుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, బయలుదేరే ముందు డాక్టరును ఒక మాట అడగండి.

ఇక నీటి సంగతి. పిల్లలకు ఈత వచ్చు అన్న మీ మాట దగ్గర నేను ఆగిపోయాను. మా దగ్గర ఎంతో చక్కగా, ఆగకుండా కొలను పొడవు ఈదే ఒక కుర్రాడిని మొదటిసారి సముద్రానికి తీసుకెళ్లినప్పుడు, నడుము లోతులో ఒక అల తలమీదుగా పోగానే నోట్లోకి ఉప్పునీరు వెళ్లి, కళ్లు మండి, కాలికి నేల అందక, తనకు ఈత వచ్చన్న సంగతే మరిచిపోయాడు. వాడి పక్కనే ఉన్నాను కాబట్టి చెయ్యి పట్టుకుని లేపాను. కొలనులో నీరు నిలకడగా ఉంటుంది, అడుగు కనబడుతుంది, పట్టుకోవడానికి గోడ ఉంటుంది. సముద్రంలో ఈ మూడూ ఉండవు. అంతకంటే ముఖ్యంగా, అక్కడి నీరు తనంతట తాను కదులుతుంది.

ఆ కదలికల్లో అందరికంటే ఎక్కువమందిని పొట్టన పెట్టుకునేది ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం. అలలు వరుసగా ఒడ్డుకు తెచ్చి పోసిన నీరు ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి కదా. ఒడ్డుకు కొంచెం ఎడంగా నీటి కింద ఇసుక మేటలు ఉంటాయి, వాటి మధ్య పల్లంగా సందు ఉన్నచోట ఆ నీరంతా కూడుకుని, చెరువు కట్టకు గండి పడినట్లుగా సముద్రంలోకి దూసుకుపోతుంది. బలంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు రెండు మీటర్ల దాకా పోగలదు, పోటీల్లో ఈదే వాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. సూర్యలంకలో ఒడ్డు మెల్లగా వాలుగా దిగుతుంది కాబట్టి లోతు లేదని అందరూ ధైర్యపడతారు, కానీ మేటకూ ఒడ్డుకూ మధ్య గుంటలు ఉండవచ్చు, నిన్న ఉన్నచోట ఈ రోజు ఉండకపోవచ్చు.

దీన్ని గుర్తుపట్టడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. దిగేముందు కొంచెం ఎత్తుగా ఉన్నచోట నిలబడి పది నిమిషాలు నీటినే చూడండి. అటూ ఇటూ అలలు తెల్లగా నురగలు కక్కుతూ విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీలాగా నీరు నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనబడుతుందా? నురగా చెత్తా అక్కడ ఒడ్డుకు రాకుండా లోపలికి పోతున్నాయా? అదే ఆ దారి. విషాదమేమిటంటే అలలు లేని చోటు పిల్లలకు క్షేమమనుకుని తల్లిదండ్రులు సరిగ్గా అక్కడే దింపుతారు.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. వెల్లకిలా తేలుతూ, చెయ్యి పైకెత్తి ఊపుతూ, ఊపిరి నిలబెట్టుకోండి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలి, లాగుడు తగ్గాక అలలతోపాటు ఏటవాలుగా ఒడ్డుకు రావాలి. ఆ ప్రవాహం మనిషిని లోపలికి లాగుతుందే తప్ప అడుగుకు లాగదు. చనిపోయేవారిలో చాలామంది దానితో పోరాడి అలిసిపోయి మునిగినవారే. ఈ తేలడం మీ పిల్లలకు వచ్చో రాదో ఇప్పుడే కొలనులో పరీక్షించండి. ముందుకు ఎంత వేగంగా ఈదుతారన్న దానికంటే, రెండు నిమిషాలు కదలకుండా వెల్లకిలా తేలగలరా అన్నది నాకు ముఖ్యం.

మోకాలి లోతు అని చెప్పింది పిల్లల మోకాలు, మీది కాదు. వెనక్కి వెళ్లే అల పాదాల కింది ఇసుకను కూడా తీసుకుపోతుంది కాబట్టి ఆరేళ్ల పిల్ల ఆ లోతులోనే కూలబడుతుంది. అందుకే పక్కన ఉండడం అంటే చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉండడం. ఒడ్డున దుప్పటి పరుచుకుని కూర్చుని చూడడం సరిపోదు. మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారనుకోవడం కూడా పొరపాటు. ఊపిరి కోసమే నోరు చాలదు, కేక ఎక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున ఉండి, నిలువుగా కిందికీ పైకీ ఆడుతూ ఒక నిమిషంలోపే మునిగిపోతారు. చూసేవారికి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. తీరంలో నేను పరుగెత్తిన సందర్భాల్లో చాలావాటిలో చుట్టూ పెద్దవాళ్లు పదిమంది ఉన్నారు, ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనుకున్నారు. అందువల్ల మీ దంపతులిద్దరూ వంతులు పెట్టుకోండి: ఈ పావుగంట నాది, తర్వాతి పావుగంట నీది. వంతులో ఉన్నవారి చేతిలో ఫోన్ ఉండకూడదు, ఫొటోలు వంతులో లేనివారు తీస్తారు. ఆ తీరం తూర్పు, ఆగ్నేయ దిక్కులకు తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఉదయం పూట సూర్యుడు నేరుగా కళ్లలో కొడతాడు, నీటి మీది మెరుపులో పిల్లల తలలు కనబడవు. ఉదయం మీరు సముద్రానికి వీపు పెట్టి, పిల్లలకంటే లోపలి వైపు నిలబడి చూడండి. అల వచ్చినప్పుడల్లా ఒకసారి వెనక్కి చూసుకోవాల్సి వస్తుంది, అయినా అదే మేలు.

బట్టల గురించి చాలామంది ఆలోచించరు. తడిసిన చీర, చున్నీ, జీన్స్ బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. నీళ్లలోకి దిగే పెద్దవాళ్లు కూడా పలుచని పొట్టి బట్టలో, బిగుతుగా ఉన్న సల్వారో వేసుకోవాలి. పిల్లలకు నారింజ, గులాబీ, చిలకపచ్చ వంటి కొట్టొచ్చే రంగులు వేయండి. నీలం, తెలుపు బట్టలు నీటిలో కలిసిపోతాయి. గుంపులో తప్పిపోయినా ఆ రంగే పనికొస్తుంది. తప్పిపోతారనే భయం ఉంటే మీ ఫోన్ నంబరు ముంజేతి మీద పెన్నుతో రాయండి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత వచ్చిన తండ్రి కూడా ఖాళీ చేతులతో దూకకూడదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం. మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ డబ్బా, దానికి కట్టిన తాడు వెంట ఉంచుకోండి, దాన్ని విసిరి గజ ఈతగాళ్లనో మెరైన్ పోలీసులనో పిలవండి. బయటికి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకోవడం, గిరగిరా తిప్పడం చేయకండి, ఇవి ప్రాణం పోసేవి కావు, తీసేవి. నోటితో ఊపిరి అందించి, తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. లేచి కూర్చున్నా దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఆకాశం తేటగా ఉంటే సముద్రం మంచిగా ఉన్నట్లు కాదు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో లేచిన ఉబ్బు అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, గాలి లేని రోజున కూడా మన తీరాన్ని కొట్టగలవు. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లా తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు ఇటువంటి హెచ్చరిక అమల్లో ఉన్న రోజుల్లోనే కొట్టుకుపోయారు. ఆ హెచ్చరికలు ఇచ్చేది మీ నిజాంపేట పక్కనే ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తానికి అలల కబురు చెబుతుంది. బయలుదేరే ముందు రోజు దాని వెబ్‌సైట్‌లో బాపట్ల తీరానికి అలల హెచ్చరిక ఉందేమో, వాతావరణ శాఖ తుపాను సూచన ఏమిటో చూడండి. మే నెల తుపానుల నెల కూడా: 2010 మే 20న లైలా తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే గది డబ్బులు పోయినా సరే వాయిదా వేయండి.

అమావాస్య, పౌర్ణములకు అటూ ఇటూ రెండు రోజులు పోటు ఎక్కువగా ఉంటుంది, ఆటు సమయంలో వెనక్కి తగ్గే నీరూ ఎక్కువే. వీలుంటే ఆ రోజులు తప్పించండి. ప్రతిరోజూ పోటు వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి అనుభవంతో ఈ రోజు దిగకూడదు. స్థానిక మత్స్యకారులను అడగడం అన్నిటికంటే తేలిక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి చాలామంది ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ కనబడతారు. ఈ రోజు ఎక్కడ లాగుతోందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. (అదే నిషేధం వల్ల ఆ రోజుల్లో దుకాణాల్లో పెద్ద చేపను చూపించి ఇప్పుడే సముద్రంలోంచి వచ్చిందంటే, ఏ పడవలో వచ్చిందో అడగండి.)

సూర్యలంకే ఎందుకు, విశాఖ వెళ్లకూడదా అని మీ చివరి వాక్యంలో అడిగారు. రెండు రోజులే ఉంటే సూర్యలంకే సరైనది, హైదరాబాద్ నుంచి సుమారు 330 కిలోమీటర్లు. విశాఖ దానికి దాదాపు రెట్టింపు దూరం, నాలుగు రోజులుంటేనే వెళ్లండి. వెళ్తే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, టీయూ-142 విమానం చూడండి, ఒడ్డున నడవండి, కానీ అక్కడ స్నానానికి దిగకండి. అడుగు చప్పున లోతుకు పడిపోతుంది, లాగుడు ఎక్కువ. స్నానానికైతే 2020లో బ్లూ ఫ్లాగ్ (తీరాల శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు పొందిన రుషికొండ మేలు, అక్కడైనా ఎర్రజెండా ఎగిరితే నీళ్ల జోలికి పోకూడదు.

ప్రయాణం గురించి ఒక మాట. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీదుగా కారులో వెళ్లవచ్చు, దారి బాగానే ఉంటుంది, కానీ రోజంతా ఎండలో గడిపి రాత్రి తిరిగి నడుపుకుంటూ రావాలన్న మీ ఆలోచనకు మాత్రం నేను ఒప్పుకోను. ఉప్పునీరు, ఎండ కలిసి తెచ్చే నిద్ర మామూలు నిద్ర కాదు. నా మాట వింటే శుక్రవారం రాత్రి సికింద్రాబాద్ నుంచి తెనాలి మీదుగా గూడూరు వైపు వెళ్లే రైలెక్కి బాపట్లలో దిగండి. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, సెలవుల్లో త్వరగా నిండిపోతాయి. అలా వెళ్తే శనివారం ఉదయం, సాయంత్రం, ఆదివారం ఉదయం, మూడు మంచి వేళలు మీకు దొరుకుతాయి. తెల్లవారుజామునే దిగుతారు కాబట్టి, ఆ వేళకు గది ఇస్తారా, మధ్యాహ్నం దాకా ఆగమంటారా అన్నది డబ్బు కట్టేముందే ఫోన్ చేసి అడగండి. లేకపోతే సరిగ్గా ఎండవేళకు మీ అత్తగారు సామాను దగ్గర బయట కూర్చోవలసి వస్తుంది.